అంపైర్‌పై చెయ్యి పడితే అది ఎవరి కేసు?

వేసవి సెలవులు వచ్చాయంటే నంబులపూలకుంట, గాండ్లపెంట, తనకల్లు, నల్లచెరువు, తలుపుల మండలాల్లో ఎండిన చెరువులు, బీడు భూములు ఆటస్థలాలవుతాయి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వైపూ అదే సందడి. ఊరి పేరుతో ఒక జట్టు, ఒకే రంగు టీషర్టులు, ఎంట్రీ ఫీజు, దాత ఇచ్చిన కప్పు, చెట్టుకు కట్టిన మైకు ఉంటాయి. సంక్రాంతికి, క్రిస్మస్ సెలవులకు కూడా టోర్నమెంట్లు జరుగుతాయి. వాటిలో కొన్నింటిని మన సంఘాల యవనస్థులే నడుపుతారు. మంచి పనే. సెల్‌ఫోన్‌లో తల దూర్చుకుని కూర్చునే పిల్లలు పది రోజులు మైదానంలో గడిపితే కాపరులకూ తల్లిదండ్రులకూ సంతోషమే.

ఈ టోర్నమెంట్ల కరపత్రాల్లో దాతల పేర్లు, పెద్దల పేర్లు, బహుమతి మొత్తాలు ఉంటాయి. ఒక మనిషి పేరు మాత్రం సాధారణంగా కనిపించదు. ఆయన అంపైర్. కబడ్డీ, వాలీబాల్ అయితే రెఫరీ. పాత ఆటగాడో, బడిలో పీఈటీ సారో, ఆట బాగా తెలిసిన పక్కూరి యువకుడో అయ్యుంటాడు. రోజంతా ఎండలో నిలబడతాడు. మధ్యాహ్నం భోజనం, చేతిలో కొంత డబ్బు, ఒక్కోసారి అదీ లేకుండా మర్యాదకు వచ్చి చేస్తాడు. చివరి ఓవర్లో ఒక నోబాల్ ఇచ్చినా, ఒక రనౌట్ ఇవ్వకపోయినా మైదానం చుట్టూ ఉన్నవాళ్లలో సగం మంది కోపం ఆయన మీదికే వస్తుంది.

ఆ కోపం తిట్లతో ఆగితే ఒక సంగతి. చొక్కా పట్టుకోవడం, తోయడం, చెంప మీద కొట్టడం, స్టంపు పెరికి మీదికి రావడం కూడా జరుగుతుంటాయి. తర్వాత ఊరి పెద్దలు కూర్చుంటారు. "ఆటన్నాక ఇవన్నీ మామూలే, పిల్లోళ్లు తెలియక చేశారు, నువ్వే పెద్ద మనసు చేసుకోప్పా" అంటారు. దెబ్బ తిన్నవాడు తల ఊపి ఇంటికి పోతాడు. ఆ దెబ్బకు మన చట్టంలో ఉన్న విలువ ఎంత, ఉండాల్సిన విలువ ఎంత అన్నది ఈ వారం మేము పాఠకుల ముందు పెడుతున్న ప్రశ్న. అది కేవలం ఆటలకు సంబంధించిన ప్రశ్న అని మేము అనుకోవడం లేదు.

చిన్న గొడవే అనుకునేవారికి

2023 ఏప్రిల్ 2న ఒడిశాలోని కటక్ దగ్గర మహిసలంద గ్రామంలో రెండు ఊళ్ల జట్ల మధ్య క్రికెట్ మ్యాచ్ జరిగింది. నోబాల్ విషయంలో మాటామాటా పెరిగింది. అంపైరుగా నిలబడిన 22 ఏళ్ల యువకుణ్ణి కత్తితో పొడిచారు. ఆసుపత్రికి తీసుకెళ్లినా ప్రాణం దక్కలేదు. అది మన పొరుగు రాష్ట్రంలో, మన ఊళ్లలో జరిగేలాంటి మ్యాచ్‌లోనే జరిగింది.

పల్లె మైదానాల్లో చదువులేని కుర్రాళ్ల పని ఇది అనుకోవడానికి వీల్లేదు. 2019 ఫిబ్రవరి 11న ఢిల్లీలో సెయింట్ స్టీఫెన్స్ కళాశాల మైదానంలో అండర్-23 జట్టు ఎంపిక మ్యాచ్ జరుగుతుండగా సెలక్టర్ల కమిటీ అధ్యక్షుడు, భారత జట్టు మాజీ బౌలర్ అమిత్ భండారిపై ఒక గుంపు హాకీ కర్రలతో, ఇనుప కడ్డీలతో దాడి చేసింది. జట్టులోకి తీసుకోలేదన్నదే కోపం. 2022 మే 17న అదే నగరంలో కామన్వెల్త్ క్రీడల కోసం కుస్తీ ఎంపిక పోటీలు జరిగాయి. 125 కిలోల విభాగం ఫైనల్లో ఓడిన సతేందర్ మలిక్, రెఫరీ జగ్బీర్ సింగ్‌ను అందరూ చూస్తుండగానే కొట్టాడు. జాతీయ కుస్తీ సమాఖ్య అతనిపై జీవితకాల నిషేధం విధించింది.

డబ్బూ చదువూ ఉన్న దేశాల్లోనూ ఇదే బాధ ఉంది. 2012 డిసెంబరులో నెదర్లాండ్స్‌లోని అల్మేర్ పట్టణంలో పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్‌కు లైన్‌మన్‌గా ఉన్న ఒక తండ్రిని అవతలి జట్టు కుర్రాళ్లు కొట్టారు. ఆయన మరునాడు చనిపోయాడు. ఆయన జీతగాడు కాడు, తన కొడుకు ఆడుతున్నాడని సాయానికి వచ్చినవాడు. 2013లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 ఏళ్ల కుర్రాడు పసుపు కార్డు చూపించినందుకు రెఫరీ ముఖం మీద ఒక్క గుద్దు గుద్దాడు. ఆ రెఫరీ వారం తర్వాత ఆసుపత్రిలో మరణించాడు. 2023 డిసెంబరు 11న తుర్కియేలో అంకారాగుజు ఫుట్‌బాల్ క్లబ్ అధ్యక్షుడు ఫరూక్ కోజా మ్యాచ్ ముగిసిన వెంటనే మైదానంలోకి దిగి రెఫరీ హలీల్ ఉముత్ మెలెర్‌ను గుద్దాడు. కింద పడిన రెఫరీని మరికొందరు తన్నారు.

కొట్టినవాళ్లలో ఆటగాడున్నాడు, పిల్లాడున్నాడు, పేరున్న పెద్దమనిషి ఉన్నాడు. కారణాలు నోబాల్, పసుపు కార్డు, జట్టులో చోటు. ఒక్క గుద్దుకే మనిషి ప్రాణం పోగలదని యూటా చెబుతోంది. చెంపదెబ్బ దగ్గరే ఆగిందంటే అది కొట్టినవాడి మంచితనం వల్ల అనుకోలేం.

ఈ ఘటనల తర్వాత ఆయా చోట్ల ఏం జరిగిందో కూడా చూడాలి. నెదర్లాండ్స్‌లో ఆ వారాంతపు అమెచ్యూర్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లన్నీ రద్దు చేశారు. మరుసటి ఏడాది ఆరుగురు కుర్రాళ్లకు, వారిలో ఒకరి తండ్రికి కోర్టు శిక్ష వేసింది. తుర్కియేలో దేశమంతటా లీగ్ మ్యాచ్‌లు కొన్ని రోజులు ఆపేశారు. 2024 నవంబరులో కోజాకు 3 సంవత్సరాల 7 నెలల జైలుశిక్ష పడింది. దెబ్బ తగిలింది ఒక మనిషికైనా ఆ దేశాలు దాన్ని అందరి వ్యవహారంగా తీసుకున్నాయి.

మన చట్టం ఏమంటుంది?

2024 జూలై 1 నుంచి మన దేశంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. దాని ప్రకారం ఎవరినైనా కావాలని కొట్టి గాయపరిస్తే సెక్షన్ 115(2) వర్తిస్తుంది. ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఎముక విరిగితే, కన్నో పన్నో పోతే అది తీవ్ర గాయం. సెక్షన్ 117(2) కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ప్రమాదకరమైన ఆయుధంతో కొట్టడం, బెదిరించడం, అడ్డగించడం వంటి వాటికి వేరే సెక్షన్లున్నాయి. కాబట్టి అంపైర్‌ను కొడితే చట్టమే లేదనడం సరికాదు. చట్టం ఉంది. అయితే దారిన పోయే ఇద్దరు కొట్టుకుంటే ఏ చట్టమో, తీర్పు చెప్పినందుకు అంపైర్‌ను కొట్టినా అదే చట్టం.

ప్రభుత్వోద్యోగి విషయంలో సంహిత వేరేగా చూస్తుంది. విధిని అడ్డుకోవాలని ప్రభుత్వోద్యోగి మీద చెయ్యి చేసుకుంటే సెక్షన్ 132 కింద రెండేళ్ల వరకు, గాయపరిస్తే సెక్షన్ 121(1) కింద ఐదేళ్ల వరకు జైలు ఉంటుంది. ఆ కేసుల్లో పోలీసులు ఎవరి అనుమతీ లేకుండా దర్యాప్తు మొదలుపెట్టవచ్చు, అరెస్టు చేయవచ్చు.

ఈ తేడా మన ఊళ్లో ఎలా కనిపిస్తుందో చూద్దాం. ఒక ప్రభుత్వ పాఠశాల పీఈటీ సారు శుక్రవారం డ్యూటీ ఉత్తర్వు మీద మండల స్థాయి స్కూల్ గేమ్స్‌లో కబడ్డీకి రెఫరీగా ఉన్నారనుకుందాం. అక్కడ ఆయన్ను కొడితే అది ప్రభుత్వోద్యోగిపై దాడి. అదే సారు ఆదివారం మధ్యాహ్నం మన సంఘ యవనస్థులు పిలిస్తే వచ్చి క్రికెట్ మ్యాచ్‌కు అంపైరుగా నిలబడ్డారు. అక్కడ అదే చెయ్యి, అదే చెంప మీద పడితే సెక్షన్ 115(2) మాత్రమే. ఆయన చేస్తున్న పని మారలేదు, ఆ పనికి ఉత్తర్వు లేదంతే. ఇక ఏ ఉద్యోగమూ లేని పక్కూరి అంపైర్‌కు శుక్రవారమూ లేదు, ఆదివారమూ లేదు.

2023 డిసెంబరు 26న అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 'ఆడుదాం ఆంధ్రా' పోటీలు మొదలుపెట్టి గ్రామ, వార్డు సచివాలయాల స్థాయి నుంచి క్రికెట్, కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, బ్యాడ్మింటన్ ఆడించింది. ఏ ప్రభుత్వం ఉన్నా ఇలాంటి పోటీలు పెడుతూనే ఉంటుంది, పెట్టాలి కూడా. అంత పెద్ద ఎత్తున ఆటలు జరగాలంటే ప్రతి ఊళ్లోనూ తీర్పు చెప్పే మనుషులు కావాలి. వాళ్లకు కిట్టు, టీషర్టు ఇవ్వడం తేలిక. రక్షణ ఇవ్వడం గురించే ఎవరూ మాట్లాడటం లేదు.

భారం దెబ్బ తిన్నవాడి మీదే

శిక్ష ఎన్నేళ్లన్నది అంత ముఖ్యం కాదని మా అభిప్రాయం. అసలు లోపం ఇంకోచోట ఉంది. సెక్షన్ 115(2) నేరాన్ని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత మొదటి షెడ్యూలు నాన్‌కాగ్నిజబుల్ జాబితాలో పెట్టింది. అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయరాదు. ఫిర్యాదు చేసినవాడే కోర్టు దారి పట్టాలి. పైగా ఇది రాజీ చేసుకోదగిన నేరం. దెబ్బ తిన్నవాడు ఒప్పుకుంటే చాలు, కేసు అక్కడితో ముగుస్తుంది.

కాగితం మీద ఇది న్యాయంగానే కనిపిస్తుంది. చిన్న చిన్న తగాదాలకు పోలీసులు రావొద్దనే దీన్ని ఇలా పెట్టారు. కానీ పల్లెలో దీని ఫలితం వేరు. ఎండిన చెరువులో దెబ్బ తిన్న అంపైర్ కూలి మాని కదిరి కోర్టుకు తిరగాలి. వకీలు ఫీజు ఆయనే పెట్టుకోవాలి. సాక్ష్యం చెప్పాల్సినవాళ్లు కొట్టినవాడి ఊరివాళ్లు. కొట్టినవాడికి చుట్టాలున్నారు, ఈయనకు పొలం గట్టు దగ్గర, రేషన్ షాపు దగ్గర, బస్సులో వాళ్ల ముఖమే ఎదురవుతుంది. "రాజీ" అనే మాట అక్కడ స్వేచ్ఛగా రాదు. నలుగురు చుట్టూ కూర్చుని రాయించుకుంటారు.

బయటి ఊరి అంపైర్ అయితే పరిస్థితి మరీ కష్టం. పక్షపాతం లేకుండా ఉండాలనే కదా పక్క మండలం నుంచి పిలిపిస్తాం. అందుకే గొడవైతే ఆయన పక్షాన మాట్లాడే చుట్టం ఒక్కడూ ఆ మైదానంలో ఉండడు. ఏ గుణం కోసం పిలిచామో ఆ గుణమే ఆయన్ను ఒంటరివాణ్ణి చేస్తుంది.

మన పాఠకులకు బాగా తెలిసిన ఇంకో సంగతి ఉంది. దెబ్బ తిన్న అంపైర్ దళితుడైతే, కులం పేరుతో తిట్టి కొడితే, 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అండగా ఉంది. ఆయన క్రైస్తవుడైతే ఆ అండ లేదు. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గుంటూరు ప్రాంతానికి చెందిన ఒక పాస్టరు పెట్టిన కేసును కొట్టివేస్తూ, క్రైస్తవ మతం స్వీకరించినవారు ఎస్సీ హోదా కిందకు రారు గనుక ఆ చట్టం రక్షణ కోరలేరని చెప్పింది. ఆ తీర్పు మంచిచెడ్డలు వేరే చర్చ. మైదానంలో తిట్టేవాడు మాత్రం బాప్తిస్మపు సర్టిఫికెట్ అడిగి తిట్టడు. అంపైర్ అనే హోదాకే రక్షణ ఉంటే, ఆయన ఏ కులం, ఏ మతం అన్న ప్రశ్న రానే రాదు.

ఆట నియమాలు ఎంతవరకు?

ఆటలకు సొంత శిక్షలు లేవా అని కొందరు అడుగుతారు. ఉన్నాయి. క్రికెట్ చట్టాలను కాపాడే ఎంసీసీ 2017లో కొత్తగా 42వ నియమం తెచ్చింది. అంపైర్‌ను కొడతానని బెదిరించినా, కావాలని మీద చెయ్యి వేసినా అది నాలుగో స్థాయి తప్పు, అన్నిటికన్నా పెద్దది. ఆ ఆటగాడు మిగిలిన మ్యాచ్ అంతా బయటే ఉండాలి. అవతలి జట్టుకు 5 పరుగులు ఇస్తారు. అతణ్ణి పంపించడానికి కెప్టెన్ ఒప్పుకోకపోతే మ్యాచ్‌నే అవతలి జట్టుకు ఇచ్చేయవచ్చు.

నియమం బాగుంది. కానీ అది ఆటగాడి మీదే పనిచేస్తుంది. గట్టు మీద నుంచి దిగివచ్చిన ఊరివాడి మీద, క్లబ్ అధ్యక్షుడి మీద, ఆటగాడి అన్న మీద దానికి పట్టు లేదు. జీవితకాల నిషేధం అన్నా అంతే. సమాఖ్యలో పేరున్నవాడికి అది శిక్ష. మన టెన్నిస్ బాల్ టోర్నమెంట్లో ఆడేవాడికి ఏ సమాఖ్యా లేదు. ఈ వారం ఇక్కడ కొట్టినవాడు వచ్చే వారం పక్క మండలంలో ఆడతాడు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం జాతీయ క్రీడా బోర్డు, క్రీడా ట్రిబ్యునల్ ఏర్పాటుకు దారి వేసింది. సమాఖ్యల ఎన్నికలు, వివాదాలు బాగుపడితే సంతోషం. కానీ ఆ చట్టం చూపు పైస్థాయి సంస్థల మీద ఉంది. చెరువులో నిలబడిన అంపైర్ దాకా అది రాదు.

ఇతరులు చేసినది, మనం చేయగలిగినది

ఫ్రాన్స్ 2006లోనే ఒక చట్టం చేసి, రెఫరీలు, క్రీడా న్యాయనిర్ణేతలు ప్రజాసేవా బాధ్యతలో ఉన్నవారని గుర్తించింది. వారిపై దాడికి శిక్ష ఆ మేరకు పెరిగింది. తుర్కియేలో 2011 నాటి క్రీడా హింస నిరోధక చట్టం, విధికి సంబంధించి రెఫరీపై జరిగే నేరాన్ని ప్రభుత్వోద్యోగిపై జరిగిన నేరంలాగే చూస్తుంది. అంత పలుకుబడి ఉన్న క్లబ్ అధ్యక్షుడికి జైలుశిక్ష పడటంలో ఆ చట్టం పాత్ర ఉంది. అమెరికాలో ఇరవైకి పైగా రాష్ట్రాలు క్రీడా అధికారుల రక్షణకు చట్టాలు చేసుకున్నాయి. కాలిఫోర్నియాలో మామూలు దెబ్బకు ఆరు నెలల వరకు జైలుంటే, క్రీడా అధికారిని కొడితే ఏడాది వరకు ఉంటుంది.

మనకూ ఇలాంటి దారి కొత్తది కాదు. ఆసుపత్రుల్లో దాడులు పెరిగాయని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2008లో వైద్య సిబ్బంది, వైద్యసంస్థల రక్షణకు ప్రత్యేక చట్టం చేసింది. దాడి చేస్తే మూడేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా. పోలీసులు నేరుగా కేసు పెట్టవచ్చు. మన పొరుగునున్న కర్ణాటక 2023లో న్యాయవాదులపై దాడులను అరికట్టే చట్టం చేసుకుంది. క్రీడలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో, 33వ అంశంలో ఉన్నాయి. ఢిల్లీ కోసం ఎదురుచూడకుండా అమరావతిలోనే ఈ పని మొదలుపెట్టవచ్చు.

దీనికి అభ్యంతరాలున్నాయి, వాటిని తేలిగ్గా తీసిపారేయకూడదు. వైద్యులకొక చట్టం, వకీళ్లకొక చట్టం, అంపైర్లకొక చట్టం అంటూ పోతే సామాన్యుడి చెంపకు విలువ లేదా అన్నది మొదటిది. సరైన ప్రశ్నే. మా జవాబు ఇది: అక్కడికక్కడే, గుంపు మధ్యలో, రెండు పక్షాల్లో ఒకదానికి తప్పనిసరిగా నచ్చని మాట చెప్పడమే అంపైర్ పని. జడ్జికి బల్ల ఉంది, గోడ ఉంది, పోలీసు ఉన్నాడు. డాక్టరుకు తలుపు ఉంది. ఈయనకు తెల్ల టోపీ, చేతిలో ఆరు గోళీలు ఉన్నాయి. ప్రమాదం పనిలోనే ఉన్నప్పుడు రక్షణ కూడా పనితోపాటే రావాలి.

చట్టం పెడితే దాడులు ఆగుతాయా అన్నది రెండో అభ్యంతరం. 2008 చట్టం వచ్చాక కూడా ఆసుపత్రుల్లో దాడులు జరుగుతూనే ఉన్నాయి, వైద్యులు రోడ్డెక్కుతూనే ఉన్నారు. కాగితం మీది చట్టం దెబ్బను ఆపదన్నది నిజం. అందుకే శిక్ష పెంచడం కన్నా కేసు నడిచే తీరు మారడం మాకు ముఖ్యంగా కనిపిస్తోంది.

మూడోది మన ఇంటి పిల్లల గురించి. అల్మేర్‌లోనూ యూటాలోనూ కొట్టింది టీనేజీ కుర్రాళ్లే. ఇరవై ఏళ్ల అబ్బాయి ఒక్క క్షణపు కోపానికి బెయిలు దొరకని కేసులో ఇరుక్కుంటే కానిస్టేబుల్ ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నీ పోతాయి. పాత కక్షలకు ఈ చట్టాన్ని వాడుకునే ప్రమాదమూ రాయలసీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కాబట్టి కఠినమైన చట్టం కన్నా తెలివైన చట్టం కావాలి.

అలాంటి చట్టంలో నాలుగు సంగతులుండాలని మేము కోరుతున్నాం. ఒకటి, క్రీడా అధికారి అంటే ఎవరో స్పష్టంగా చెప్పాలి. అంపైర్, రెఫరీ, లైన్‌మన్, స్కోరర్, సెలక్టర్, వీరంతా జీతం ఉన్నా లేకపోయినా, సమాఖ్య గుర్తింపు ఉన్నా లేకపోయినా అందులోకి రావాలి. మైదానానికి వచ్చే దారిలో, తిరిగి వెళ్లే దారిలో కూడా ఆ రక్షణ ఉండాలి. రెండు, చిన్న గాయమైనా పోలీసులు నేరుగా కేసు కట్టే వీలుండాలి. రాజీ అయితే అది మేజిస్ట్రేటు ఎదుట, అంపైర్ తన నోటితో చెప్పినప్పుడే చెల్లాలి. మూడు, దాడి జరిగితే 24 గంటల్లో పోలీసులకు చెప్పే బాధ్యత నిర్వాహకులదిగా ఉండాలి. చెప్పకుండా దాచిపెడితే జరిమానా నిర్వాహకులకే పడాలి. నాలుగు, మొదటిసారి చిన్న తప్పు చేసిన యువకుడికి జైలు బదులు సమాజ సేవ విధించే వీలుండాలి. కొన్ని చిన్న నేరాలకు సమాజ సేవను శిక్షగా భారతీయ న్యాయ సంహితే ప్రవేశపెట్టింది. ఏడాదిపాటు ఆటకు దూరంగా ఉండి, బడి మైదానం బాగు చేసే శిక్ష ఆ కుర్రాడికీ ఊరికీ మేలు. పద్దెనిమిదేళ్లు నిండనివారికి ఎలాగూ 2015 నాటి బాలల న్యాయ చట్టం వర్తిస్తుంది.

గల్లియో చూస్తూ ఊరుకున్నాడు

శాసనసభ ఎప్పుడు కదులుతుందో మన చేతిలో లేదు. మన టోర్నమెంట్లు మన చేతిలో ఉన్నాయి.

అపొస్తలుల కార్యముల 18వ అధ్యాయంలో కొరింథు పట్టణపు ఘటన ఒకటుంది. పౌలుపై తెచ్చిన ఫిర్యాదును అధిపతి గల్లియో తోసిపుచ్చాక, సమాజమందిరపు అధికారి సొస్తెనేసును జనం పట్టుకుని న్యాయపీఠం ఎదుటే కొట్టారు. గల్లియో దాన్ని లక్ష్యపెట్టలేదని లేఖనం చెబుతుంది. కొట్టినవాళ్ల తప్పు సరే. న్యాయపీఠం మీద కూర్చుని కూడా కళ్లు పక్కకు తిప్పుకున్నవాడి సంగతినీ లేఖనం రాసిపెట్టింది. మన మైదానాల్లో టెంటు కింద కుర్చీల్లో కూర్చునే పెద్దలు, దాతలు, కాపరులు, సంఘ సెక్రటరీలు ఆ మాట ఒకసారి చదువుకోవాలి.

క్షమాపణ మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన మధ్య ఎవరికి దెబ్బ తగిలినా "క్షమించు బ్రదర్" అని వెంటనే అంటాం. క్షమించడం మన విశ్వాసానికి గుండెకాయ. కానీ క్షమించే హక్కు దెబ్బ తిన్నవాడిది. ఆయన తరఫున పెద్దలు క్షమించేయడానికి, కప్పు కార్యక్రమం చెడిపోకూడదని ఆయన నోరు నొక్కడానికి ఆ మాటను వాడకూడదు. ఆయన క్షమించినా, జరిగింది జరిగినట్టు రాసి పెట్టడం క్షమాపణకు వ్యతిరేకం కాదు. ఫిలిప్పీలో న్యాయవిచారణ లేకుండా తనను కొట్టించిన అధికారులు చాటుగా పంపించేయబోతే, పౌలు ఒప్పుకోలేదు. వాళ్లే స్వయంగా రావాలన్నాడు. అదే పౌలు రాత్రి చెరసాల అధిపతి ప్రాణం కాపాడినవాడు.

ఆచరణలో చేయాల్సినవి కష్టమైనవేమీ కావు. ఎంట్రీ ఫారంలోనే రాయాలి: అంపైర్‌పై చెయ్యి వేస్తే ఆ జట్టు టోర్నమెంట్ నుంచి బయటకు, ఫీజు తిరిగి ఇవ్వం, పోలీసులకు ఫిర్యాదు చేస్తాం. కెప్టెన్ చేత సంతకం తీసుకోవాలి. బయట గట్టు మీద ఉన్న తన ఊరివాళ్లకూ కెప్టెనే జవాబుదారీ అని ముందే చెప్పాలి. పిచ్ చుట్టూ తాడు కట్టి, లోపలికి ఎవరూ రాకుండా నలుగురు వాలంటీర్లను పెట్టాలి. ఒక్క అంపైర్‌ను ఒంటరిగా నిలబెట్టకూడదు, ఇద్దరుండాలి. కరపత్రంలో దాతల పేర్ల పక్కన అంపైర్ల పేర్లూ వేయాలి. వాళ్లకు ఇవ్వాల్సిన డబ్బు ఉదయమే ఇచ్చేయాలి.

దాడి జరిగితే ఆట ఆ క్షణమే ఆపాలి. ఫైనల్ అయినా సరే, ఎమ్మెల్యే గారు వచ్చి కూర్చున్నా సరే. గాయపడినవాణ్ణి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి మెడికో లీగల్ కేసుగా రాయించాలి. ఆ కాగితం లేకపోతే ఎంత పెద్ద వకీలైనా కోర్టులో కేసు నిలబెట్టడం కష్టమవుతుంది. ఫోన్లలో తీసిన వీడియోలు పోకుండా దాచాలి. ఫిర్యాదు నిర్వాహక కమిటీ పేరుతో ఇవ్వాలి, అంపైర్ ఒక్కడి పేరుతో వదిలేయకూడదు. వకీలు పెట్టుకునే స్తోమత లేకపోతే కదిరిలో మండల న్యాయసేవల సంస్థ ఉంది, ఉచితంగా సాయం అడగవచ్చు. సాక్ష్యానికి పిలిస్తే సంఘస్థులు వెనకాడకూడదు. ఇందులో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అవసరం లేదు.

అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ ఆధ్వర్యంలోని మైదానంలో 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగాయి. కరువు నేల మీద అంతటి ఆట జరగడం చూసి మన పిల్లలు పొంగిపోయారు. అక్కడ నిలబడిన అంపైర్ల వెనుక బోర్డు ఉంది, పోలీసులున్నారు. ఆ స్థాయికి వెళ్లే అంపైర్ కూడా ఎక్కడో చిన్న మైదానంలోనే మొదలవుతాడు. 1986లో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ జట్ల టెస్టుకు తటస్థ అంపైర్లు కావాలంటే పిలూ రిపోర్టర్‌తో పాటు మన హైదరాబాద్ వీకే రామస్వామి వెళ్లి నిలబడ్డారు. రాజమండ్రిలో పుట్టిన జీఎస్ లక్ష్మి 2019లో ఐసీసీ తొలి మహిళా మ్యాచ్ రెఫరీ అయ్యారు. ఇలాంటి మనుషులు మన మండలాల నుంచీ రావచ్చు. మొదటి వేసవిలోనే చెంపదెబ్బ తిని, ఎవరూ తన వెంట నిలవలేదని తెలుసుకున్న యువకుడు రెండో వేసవికి అంపైరుగా రాడు. ఆడపిల్ల అయితే ఇంట్లోవాళ్లే పంపరు. ఆ తర్వాత మనకు మిగిలేది గట్టిగా అరిచే జట్టుకే గెలుపు ఇచ్చే ఆట.

మన నియోజకవర్గ శాసనసభ్యులకు, జిల్లా క్రీడాధికారికి ఈ విషయమై వినతిపత్రాలు ఇవ్వాలని సంఘాల యవనస్థుల కమిటీలను కోరుతున్నాం. 2008 చట్టాన్ని నమూనాగా చూపించి, క్రీడా అధికారులకూ అటువంటి రక్షణ అడగండి. అది వచ్చేలోపు, ఈ ఏడాది మీరు అచ్చు వేయించే ఎంట్రీ ఫారంలో ఆ ఒక్క నిబంధన చేర్చండి. దాని కింద కాపరి, కమిటీ అధ్యక్షుడు ముందుగా సంతకం పెట్టి, ఆ తర్వాత కెప్టెన్ల ముందుకు జరపండి.